అత్తయ్యగారి షడ్జమం, మా కాలేజీ సీఆర్వో

మా అత్తయ్యగారికి సంగీతం వచ్చు. నాకు ఎలక్ట్రానిక్స్ వచ్చు. మా ఆయనకి మా ఇద్దరి మధ్య కూర్చుని పేపరు చదవడం వచ్చు. జగ్గయ్యపేటలో మా కాపురం పద్నాలుగేళ్లుగా పెద్ద గొడవల్లేకుండా సాగుతోందంటే ఆ మూడో విద్య పుణ్యమే.

నేను నందిగామలో ఒక పాలిటెక్నిక్ కాలేజీలో లెక్చరర్ని. రోజూ బస్సులో వెళ్లొస్తాను. అత్తయ్యగారు మా వరండాలో పిల్లలకి పాట నేర్పుతారు. సాయంత్రం నేను బస్సు దిగి సందు మొదట్లోకి వచ్చేసరికి, ఇరవై చెప్పుల జతలు, ఆ వెనకే ఇరవై గొంతుల సరళీ స్వరాలు నాకు ఎదురొస్తాయి. చెప్పులు తొక్కకుండా లోపలికి వెళ్లడం ఇంతవరకు నా వల్ల కాలేదు.

పొద్దున్న ఐదున్నరకి ఆవిడ సొంత సాధన. అందులో ఆవిడకో వింత అలవాటు. లోకంలో అందరూ ముందు శ్రుతిపెట్టె ఆన్ చేసి, అది పలికే స విని, దానికి గొంతు కలుపుతారు. అత్తయ్యగారు అలా కాదు. పెట్టె ముందు కూర్చుని, కళ్లు మూసుకుని, ముందు తనే స అందుకుంటారు. ఆ స సాగుతుండగా చెయ్యి చాపి స్విచ్ నొక్కుతారు. పెట్టె వచ్చి ఆవిడ గొంతులో కలుస్తుంది. "పెట్టె నాకు చెప్పేదేంటి, నేనే దానికి చెప్తా" అనేవారు. ఇరవై ఏళ్లుగా ఆ పెట్టె ఏనాడూ ఆవిడకి ఎదురు చెప్పలేదు. నేను ఆ స వినే నిద్ర లేచేదాన్ని. ఆదివారాలు కూడా ఐదున్నరకే లేపుతుందని ఆ స ని తిట్టుకున్న రోజులూ లేకపోలేదు.

నిరుడు ఒక రోజు ఆ స మొదలై మధ్యలో ఆగింది. మళ్లీ వినబడి, మళ్లీ ఆగింది. నేను లేచి వెళ్లేసరికి ఆవిడ పెట్టె వంకే చూస్తూ కూర్చున్నారు.

"అమ్మాయ్, పెట్టె శ్రుతి దిగింది" అన్నారు. "లేకపోతే నేనే ఎక్కానో ఏమో" అన్నారు మెల్లగా.

ఆ రెండో మాట నాకు నచ్చలేదు. ఎందుకంటే అంతకు నెల ముందే కాలింగ్ బెల్లు వినబడక పాలవాణ్ని గుమ్మంలో నిలబెట్టేశారని మా ఆయన ఆవిణ్ని ఆట పట్టించాడు. ఇప్పుడు కూడా పేపరు వెనక నుంచే, "వయసు కదమ్మా, చెవి కాస్త అటూ ఇటూ అవుతుంది" అన్నాడు. నేను చూసిన చూపుకి పేపరు కాలిపోవాలి. కాలలేదు. పైగా ఫోన్లో శ్రుతి చూసే యాప్ ఏదో దింపాడు. దాని ముల్లు ఫ్యాను చప్పుడుకి ఒకసారి, కుక్కరు కూతకి ఒకసారి గెంతింది. మధ్యలో అప్పులిస్తామని ఒక ప్రకటన కూడా పాడింది. "సుమారుగా కరెక్టేనమ్మా" అని తేల్చేశాడు మహానుభావుడు.

అత్తయ్యగారు నవ్వలేదు. "నా స పోయిందంటే ఇంక నేను పాఠం చెప్పకూడదమ్మా. తప్పు స పట్టుకున్న పిల్ల జన్మంతా తప్పే పాడుతుంది. ఆ పాపం నాకెందుకు? తేలిపోవాలి. తప్పు పెట్టెదా, నాదా?"

ఆవిడకి అరవై ఎనిమిదేళ్లు. పెళ్లైన కొత్తలో మొదలెట్టిన పాఠం, మామయ్యగారు పోయిన ఏడు కూడా నెల తిరక్కుండానే మళ్లీ చెప్పారు. పాఠం లేని అత్తయ్యగారిని నేను ఊహించుకోలేకపోయాను. ఊహించుకోలేక, తగుదునమ్మా అని ముందుకొచ్చాను.

"చెవితో పనేంటండీ అత్తయ్యగారూ? కంటికే చూపిస్తా. మా సీఆర్వో తెస్తా" అన్నాను.

సీఆర్వో అంటే ఆసిలోస్కోపే. మా కాలేజీల్లో దాన్ని పూర్తి పేరుతో ఎవరూ పిలవరు. కరెంటు ఎలా గెంతుతోందో గీత గీసి చూపించే పెట్టె అది. తెర మీద గళ్లుంటాయి, అడ్డంగా పది, నిలువుగా ఎనిమిది. ఎడమ నుంచి కుడికి కాలం నడుస్తుంది, కింద నుంచి పైకి వోల్టేజీ లేస్తుంది. ఒక గడి అంటే ఎన్ని వోల్టులో ఒక నాబ్ చెబుతుంది, ఒక గడి అంటే ఎంత సమయమో ఇంకో నాబ్ చెబుతుంది. మిగతా నాబ్‌లన్నీ మాలాంటి వాళ్లకి ఉద్యోగాలు ఉండాలని పెట్టినవి.

ఇప్పుడొచ్చేవి పుస్తకమంత తేలిగ్గా ఉంటాయి గానీ, మా ల్యాబ్‌లో బయటికి ఇచ్చేది పాత రకం ఒక్కటే. బియ్యం మూటంత బరువు. ప్రిన్సిపాల్ గారి దగ్గరికి అనుమతి కాగితం పట్టుకెళ్తే, "ఇంటికెందుకమ్మా?" అన్నారు. "మా అత్తగారిని చెక్ చెయ్యాలండీ" అన్నాను. ఆయన నా మొహం ఒకసారి చూసి, ఇంకో ప్రశ్న వెయ్యకుండా సంతకం పెట్టేశారు.

శనివారం సాయంత్రం దాన్ని పాత చీరలో మూట కట్టి కోదాడ బస్సెక్కించాను. ఒళ్లో పెట్టుకుంటే తెర బయటికి కనబడుతోంది. పక్క సీట్లో తువాలు చుట్టుకున్న పెద్దాయన చాలాసేపు చూసి, "గిదేందమ్మా, గుండె మిషనా?" అన్నాడు. కాదండీ అన్నాను. నమ్మలేదు. "మా దవాఖానల గిట్లనే ఉంటది" అని ఎడమ చెయ్యి చాపాడు, నాడి చూడమని. వెనక సీటావిడ తన ఆయాసం సంగతి చెప్పింది. కండక్టర్ కూడా టికెట్లు కొట్టడం మానేసి, మెట్లెక్కితే తనకి ఎడమ వైపు పట్టేస్తోందన్నాడు. చిల్లకల్లు వచ్చేసరికి నా చుట్టూ ఒక ఓపీ నడుస్తోంది. చెప్పి చెప్పి విసుగొచ్చి, "అందరూ ఉప్పు తగ్గించండి" అనేశాను. అందరూ తృప్తిగా తలూపారు. దిగేటప్పుడు మూట నన్ను మొయ్యనివ్వలేదు, కండక్టరే కిందకి దింపాడు.

ఆదివారం పొద్దున్న వరండాలో సభ. అత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. ఎందుకండీ అంటే, "పరీక్ష కదమ్మా" అన్నారు. శ్రుతిపెట్టె మూత విప్పి, స్పీకరుకి వెళ్లే రెండు తీగల్లో ఒకదానికి ప్రోబ్ మొన, రెండోదానికి గ్రౌండ్ క్లిప్పు తగిలించాను. ప్రోబ్ అంటే సీఆర్వో చెయ్యి అనుకోండి, అది ముట్టుకున్నదే తెర మీద కనబడుతుంది. పెట్టె ఆన్ చేశాను. తెర మీద అడ్డంగా ఒక గీత, తిన్నగా, ఉలుకూ పలుకూ లేకుండా.

"పోయింది" అన్నాడు మా ఆయన. "సినిమాల్లో ఇలా వస్తే దుప్పటి కప్పేస్తారు."

"రామ రామ" అన్నారు అత్తయ్యగారు.

"ఏవండీ, మీరు లోపలికెళ్లి పేపరు చదువుకోండి" అన్నాను. ప్రోబ్ నుంచి వచ్చేదాన్ని లోపలికి రానివ్వాలా వద్దా అని చెప్పే స్విచ్ ఒకటుంటుంది. దాన్ని గ్రౌండ్‌లో పెడితే బయట ప్రళయం వచ్చినా తెర మీద తిన్నటి గీతే. నేను అక్కడే వదిలేశాను. లోపలికి రానిచ్చే ఏసీ వైపుకి మార్చగానే అల లేచింది. అత్తయ్యగారు "అబ్బో!" అన్నారు.

అల అయితే లేచింది గానీ నిలబడదు. ఒకటే పరుగు. "ఏంటమ్మా ఆ తొందర?" అన్నారావిడ. గీత ఎడమ చివర నుంచి బయల్దేరిన ప్రతిసారీ, అలలో ఒకే చోటు నుంచి మొదలవ్వాలి. అప్పుడే బొమ్మ మీద బొమ్మ పడి కదలకుండా కనబడుతుంది. అలా మొదలుపెట్టించేదే ట్రిగ్గర్ అని చెప్పాను.

"అంటే ఎత్తుగడన్నమాట. తాళంలో ప్రతి ఆవర్తానికీ ఒకే చోట ఎత్తుకోకపోతే ఇలాగే పరిగెడుతుంది" అన్నారు. మా కాలేజీ పిల్లలకి మూడేళ్లు చెప్పినా బుర్రకెక్కని సంగతి, ఆవిడకి పట్టుచీర నలగకుండా అర్థమైపోయింది. నాకు అసూయ కూడా వేసింది.

ట్రిగ్గర్ నాబ్ తిప్పితే అల నిలబడింది. ఇక లెక్క. అత్తయ్యగారిది ఆరు శ్రుతి, అంటే ఆవిడ స పలికే ఎత్తు. ఆ స కి సెకనుకు రెండొందల ఇరవై కంపనాలు. అంటే ఒక్క కంపనానికి నాలుగున్నర మిల్లీసెకన్ల పైన చిటికెడు. గడికి ఒక మిల్లీసెకను పెట్టుకుంటే ఒక అల నాలుగున్నర గళ్లలో పూర్తవ్వాలి. ఇదంతా నేను ముందే కాగితం మీద వేసి, కింద రెండు గీతలు కూడా కొట్టి పెట్టుకున్నాను. తెర మీద చూస్తే అల కొంచెం సాగినట్టుగా, ఐదో గడి చివరిదాకా కాళ్లు చాపుకుని కూర్చుంది. ఇంకా సరిగ్గా కుదుర్కోలేదనుకున్నాను. నాబ్‌లు అటూ ఇటూ సర్దాను. టైము నాబ్ మధ్యలో ఇంకో చిన్న నాబ్ ఉంటుంది, దాన్నీ కొంచెం తిప్పాను. అల ముడుచుకుని చక్కగా నాలుగున్నర గళ్లలోకి వచ్చింది.

"ఆ చిన్నది దేనికమ్మా?" అన్నారు అత్తయ్యగారు.

"అది మీకెందుకండీ, బొమ్మ సర్దుకోడానికి" అన్నాను. తర్వాత గళ్లు లెక్కపెట్టి, హెచ్చవేసి, తిరగేసి, గొంతు సవరించుకుని ప్రకటించాను. "రెండొందల ఇరవై! పెట్టె కరెక్టండీ అత్తయ్యగారూ!"

గెలిచినట్టే చెప్పాను. ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ, పెట్టె గెలిస్తే ఎవరు ఓడినట్టో నాకు తట్టలేదు.

ఆవిడ తెర వంక కాసేపు చూశారు. "అయితే నాదేనన్నమాట" అన్నారు. లేచి లోపలికెళ్లి పట్టుచీర మార్చుకున్నారు. నేను వెనకాలే వెళ్లి, "ఈ వయసులో ఎవరికైనా మామూలేనండీ" అన్నాను. ఓదార్పు అనుకున్నాను. మా ఆయన అన్న మాటే, నేను సీఆర్వోతో సహా అన్నాను.

సోమవారం ఆవిడ పిల్లల తల్లులందరికీ ఫోన్లు చేసి పాఠం ఆపేస్తున్నానని చెప్పారు. ఏటా వేదాద్రి నరసింహస్వామి దగ్గర పిల్లల చేత పాడిస్తారు. ఈసారి వేరే ఎవర్నైనా చూసుకోమన్నారు. శ్రుతిపెట్టెని తువ్వాలులో చుట్టి బీరువా మీద పెట్టేశారు. మంగళవారం నేను ఆరున్నరకి లేచాను, ఎవరూ లేపలేదు మరి. బస్సు తప్పిపోయింది. బుధవారం అలారం పెట్టుకున్నాను. అది కూసింది, లేచాను, కానీ ఇంట్లో ఎవరో పోయినట్టుంది. సాయంత్రం సందు మొదట్లోకి వస్తే పాటా లేదు, చెప్పులూ లేవు. తొక్కడానికి ఏమీ లేని గుమ్మంలో నిలబడితే నాకు ఏడుపొచ్చింది. అత్తయ్యగారు మాత్రం బాగానే ఉన్నట్టు నటించారు. సీరియళ్లు చూడ్డం మొదలెట్టారు. ఒక్క సీరియల్ కథ కూడా ఆవిడకి తెలియదని, అడిగినప్పుడల్లా తెలిసిపోయేది.

పది రోజుల తర్వాత కాలేజీలో ఫస్టియర్ వాళ్లకి సీఆర్వో మొదటి పాఠం. ఏటా అరిచే అరుపే మళ్లీ అరుస్తున్నాను. "ముందు జవాబు చూసుకుని తర్వాత రీడింగ్ రాస్తారు మీరు! ల్యాబ్ పరీక్షలో అందరికీ పుస్తకంలో ఉన్న అంకే ఎలా వస్తుందిరా? తెర మీద ఏముందో అది రాయండి!" మా ప్రాంతంలో ల్యాబ్ రికార్డులన్నీ ఇలా వెనక నుంచి ముందుకే రాస్తారు. నేనూ ఒకప్పుడు అలా రాసే పాసయ్యాను, అది వేరే సంగతి.

అరవడం అయ్యాక, ఏది కొలిచే ముందైనా సీఆర్వోనే పరీక్షించాలని చూపించబోయాను. దాని ముందు భాగంలోనే ఒక చిన్న కొక్కెం ఉంటుంది. అందులోంచి ఎప్పుడూ ఖచ్చితంగా మిల్లీసెకనుకి ఒక అల వస్తుంది. గడికి మిల్లీసెకను పెడితే పది గళ్లలో పది అలలు బుద్ధిగా కూర్చోవాలి. ప్రోబ్ తగిలించాను. పది గళ్లలో పదిన్నర పైన దూరి కూర్చున్నాయి.

టైము నాబ్ మధ్యలోని చిన్న నాబ్ వంక చూశాను. దానికి ఒకటే మంచి చోటు. చివరిదాకా తిప్పితే టక్కుమని పడుతుంది, అక్కడ కాల్ అని, అంటే కొలత సరిచూసిన చోటు అని, రాసి ఉంటుంది. అక్కడుంటేనే గడి లెక్క నిజం. కాస్త కదిలినా గడికి మిల్లీసెకను అని పైన రాసున్నది ఒట్టి అబద్ధం. అది కదిలి ఉంది.

"ఎవర్రా దీన్ని ముట్టుకుంది?" అని గర్జించాను. అరవై మంది బిక్కచచ్చిపోయారు. "చెప్పండి! కొలత పరికరం ఇది, మీ ఇష్టమొచ్చినట్టు సర్దుకోడానికి..." అని అక్కడ ఆగిపోయాను. సర్దుకోడానికి అన్న మాట ఎక్కడన్నానో గుర్తొచ్చింది. నేను దాన్ని తిరిగి తెచ్చి బీరువాలో పెట్టి తాళం వేశాక, మళ్లీ తీసింది ఈ రోజే. తాళం నా దగ్గరే ఉంది.

అక్కడే బోర్డు మీద లెక్క వేశాను. అబద్ధపు గడిని నిజం చేసి, ఆ నాలుగున్నర గళ్లని మళ్లీ హెచ్చవేసి, తిరగేశాను. రెండొందల ఏడు. అంటే ఆ పెట్టె ఆరు శ్రుతి అని చెప్పి ఐదున్నర పలుకుతోంది. అత్తయ్యగారు ఒక్క వెంట్రుకవాసి కూడా ఎక్కలేదు. నేను జవాబు ముందే రాసుకుని, అల దానికి సరిపోయేదాకా గడినే సాగదీశాను.

"మేడమ్, ఇది నోట్సులో రాసుకోవాలాండీ?" అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. రాసుకోమన్నాను.

ఇంటికొచ్చి చెప్పు కూడా విప్పకుండా చెప్పేశాను. "అత్తయ్యగారూ, తప్పు నాదండీ. పెట్టె దిగింది. మీ స మీదే ఉంది." సీరియల్ వస్తోంది. ఆవిడ నా వైపు తిరగలేదు.

"నన్ను ఊరుకోబెట్టడానికి చెప్తున్నావా?"

"అబద్ధం చెప్పి నాకేం వస్తుందండీ?"

"ఆ రోజూ ఇలాగే గట్టిగా చెప్పావుగా."



మర్నాడు పెట్టెని కాలేజీకి తీసుకెళ్లాను. లోపల కంపనాల వేగం పెట్టే కెపాసిటర్ ఒకటి ముసలిదై దారి తప్పింది. దాన్ని మార్చి, చిన్న నాబ్ టక్కుమనేదాకా తిప్పి, మూడుసార్లు కొలిచాను. నా మీద నాకు నమ్మకం పోయి, మా ల్యాబ్ అటెండర్ని పిలిచి, ఎంత రావాలో చెప్పకుండా కొలవమన్నాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని చాలాసేపు తంటాలు పడి, "రెండొందల ఇరవై దగ్గర్లో వస్తోంది మేడం. ఎంత రావాలండీ?" అన్నాడు. "చెప్పను" అన్నాను. ఆయన పాపం బాధపడ్డాడు.

పెట్టె తెచ్చి ఆవిడ చాప దగ్గర పెట్టాను. రెండు పొద్దున్నలు ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. మూడో పొద్దున్న కాఫీ కూడా కలపకుండా వెళ్లి ఎదురుగా కూర్చున్నాను. "ఒక్కసారి పాడండి అత్తయ్యగారూ. మీ కాళ్లు పట్టుకుంటా."

"భయంగా ఉందే" అన్నారు. పద్నాలుగేళ్లలో ఆవిడ నోట ఆ మాట నేను వినలేదు. "ఇన్ని రోజులైంది, గొంతు ఎక్కడుందో ఏమో. ఈసారి కూడా తేడా వస్తే ఇంక నేను తట్టుకోలేనమ్మా."

చివరికి ఒక షరతు మీద ఒప్పుకున్నారు. ఆవిడ గోడ వైపు తిరిగి కూర్చుంటారు. పెట్టె ఆవిడ వెనక, నా దగ్గర ఉండాలి. ఆవిడ స పట్టుకున్నాక చెయ్యి ఊపుతారు, అప్పుడు నేను ఆన్ చెయ్యాలి. "నువ్వు మాత్రం నోరెత్తకు. తేడా ఉంటే నాకే తెలుస్తుంది" అన్నారు.

కళ్లు మూసుకున్నారు. స మొదలైంది, ముందు కొంచెం వణుకుతూ, ఆ తర్వాత నిండుగా. వెనక్కి చెయ్యి ఊపారు, ఆన్ చెయ్యమని. స సాగుతూనే ఉంది. మళ్లీ ఊపారు, ఈసారి విసురుగా. మూడోసారి చిటికెలు వేశారు. చివరికి ఊపిరి అయిపోయి, నన్ను తిట్టడానికి గిర్రున ఇటు తిరిగారు.

ఆవిడ పాడడం ఆపేశారు. స ఆగలేదు. గదిలో అలాగే మోగుతోంది, ఆవిడ వదిలిన చోటే.

తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. పెట్టె వంక, నా వంక చూశారు.

"ఎప్పుడు ఆన్ చేశావే?"

"మీరు మొదటిసారి చెయ్యి ఊపకముందేనండీ."